పంచ్ పవర్ పుట్టుకతోనే రావాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. నీకు 19 ఏళ్ళు. ఏడాదిగా ఉప్పల్ దగ్గర ఒక జిమ్‌లో బాక్సింగ్ నేర్చుకుంటున్నావు. ఐదడుగుల పది అంగుళాల ఎత్తు, 62 కిలోల బరువు. జాబ్ (ముందున్న చేత్తో వేసే సూటి పంచ్) బాగుంది, ఫుట్‌వర్క్ బాగుంది అంటున్నారు గానీ పంచింగ్ బ్యాగ్ మీద నీ కుడిచెయ్యి పడితే చప్పుడే తప్ప బరువు లేదు. నీ తర్వాత చేరిన, పాతబస్తీ బార్కస్ నుంచి వచ్చే కుర్రాడు నెల తిరక్కుండానే బ్యాగ్‌ని ఊపేస్తున్నాడు. అది చూసి ఒక సీనియర్ "పవర్ పుట్టుకతో రావాలి, నీకు లేదు, పాయింట్లు కొట్టుకో చాలు" అన్నాడు. ఇది నిజమేనా, ఆశ వదిలేసుకోవాలా అని నీ బాధ.

వదులుకోకు. ఆ సీనియర్ మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆ నిజం నీకు వర్తిస్తుందో లేదో తేల్చే దశకి నువ్వింకా రాలేదు. ఒక మనిషి మహా అయితే ఎంత గట్టిగా కొట్టగలడన్నది చాలావరకు పుట్టుకే నిర్ణయిస్తుంది. ఆ హద్దుకి ఎంత దగ్గరగా కొడుతున్నాడన్నది నేర్పు. హైదరాబాద్‌లో నేను చూసే కుర్రాళ్ళలో నూటికి తొంభై మంది తమ హద్దులో సగం దగ్గరే ఆగిపోయి, దాన్నే తమ పుట్టుక అనుకుంటున్నారు. ఎక్కువ బాధపెట్టేది ఏంటంటే, కోచ్‌లు కూడా ఆ మాటే చెప్పి వాళ్ళని జాబ్‌కి పరిమితం చేసేస్తున్నారు.

ముందు పంచ్ బరువు ఎక్కణ్ణించి వస్తుందో చూద్దాం. పిడికిలి ఎంత వేగంగా వస్తోంది, తగిలే క్షణంలో దాని వెనక ఎంత శరీరం ఉంది అన్నదే లెక్కంతా. 2005లో అమెరికాలో ఏడుగురు ఒలింపిక్ బాక్సర్ల చేత కొలత పరికరాలు అమర్చిన బొమ్మ ముఖం మీద స్ట్రెయిట్ పంచ్‌లు కొట్టించి చూశారు. పిడికిలి వేగం సగటున సెకనుకి 9 మీటర్ల పైచిలుకు, అంటే గంటకి 33 కిలోమీటర్లు. పంచ్‌లో నిజంగా పనిచేసిన బరువు సగటున 2.9 కిలోలు. ఒక మగవాడి చెయ్యి బరువుకి కాస్త అటూ ఇటూ అంతే. అంటే ఒలింపిక్స్‌కి వెళ్ళినవాళ్ళకి కూడా శరీరంలో చాలా చిన్న భాగమే పిడికిలిలోకి వచ్చి చేరుతోంది. పై వెయిట్ క్లాస్‌ల వాళ్ళు గట్టిగా కొట్టడానికి ముఖ్య కారణం వేగం కాదనీ, ఈ పనిచేసే బరువు ఎక్కువ కావడమేననీ కూడా ఆ పరీక్షలో తేలింది. నీకు పనికొచ్చే సంగతి ఇదే. వేగం పెంచుకోవడం కష్టం, దానికి హద్దు తొందరగా వచ్చేస్తుంది. పిడికిలి వెనక చేరే బరువు మాత్రం ఎంత నేర్చుకుంటే అంత పెరుగుతుంది.

పుట్టుకతో వచ్చేవాటి గురించి దాపరికం లేకుండా చెప్తాను. కండలో వేగంగా బిగుసుకునే పోగులు ఎక్కువున్నాయా, నెమ్మదిగా పనిచేసేవి ఎక్కువున్నాయా అన్నది చాలావరకు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఏసీటీఎన్3 అనే జన్యువుకి, పరుగు పందెగాళ్ళ లాంటి పేలుడు శక్తికి సంబంధం ఉందని కనిపెట్టారు కూడా. చెయ్యి పొడవు, భుజాల వెడల్పు, మణికట్టు ఎముక లావు, పిడికిలి సైజు ఇవేవీ మన చేతిలో లేవు. మెదడు నుంచి ఆజ్ఞ వచ్చాక కండ ఎంత త్వరగా పూర్తి బలానికి చేరుతుందన్న విషయంలోనూ మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. అది సాధనతో కొంత మెరుగవుతుంది గానీ అందరికీ ఒకేలా కాదు. ఇంతవరకు నీ సీనియర్ చెప్పింది సరే. ఈ మాట విని జన్యు పరీక్ష చేయించుకోవడానికి డబ్బులు తగలేయకు. ఆ కాగితం చూసి నీ కుడిచెయ్యి ఎలా పడుతుందో ఎవరూ చెప్పలేరు.

పుట్టుక వాదానికి పెద్ద సాక్ష్యం అమెరికా హెవీవెయిట్ బాక్సర్ డియాంటే వైల్డర్. 20 ఏళ్ళకి బాక్సింగ్ మొదలుపెట్టాడు, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చాడు. 2022 చివరికి అతని 43 విజయాల్లో 42 నాకౌట్లే. టెక్నిక్ చూస్తే ఏ కోచ్ అయినా తల పట్టుకుంటాడు. చేతులు వెడల్పుగా తిరుగుతాయి, పంచ్ కొట్టాక కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడతాయి. 2018లో టైసన్ ఫ్యూరీతో ఆడినప్పుడు అతని బరువు 96 కిలోలు, ఫ్యూరీ 116 దాటాడు. అంత తేడా ఉండి కూడా చివరి రౌండ్లో ఫ్యూరీని నేలమీద పడుకోబెట్టాడు. ఇలాంటివాణ్ణి ఏ జిమ్మూ తయారుచేయలేదు, ఒప్పుకోవాల్సిందే.

ఇప్పుడు అమెరికా బాక్సర్ థామస్ హెర్న్స్ సంగతి చూడు. నీలాంటి పొడుగు కుర్రాళ్ళందరికీ నేను ఇతని కథే చెప్తాను. ఆరడుగుల ఒక అంగుళం ఎత్తు, సన్నటి కాళ్ళు. అమెచ్యూర్‌గా 155 ఫైట్లు గెలిస్తే వాటిలో నాకౌట్లు 12. పన్నెండే! ఆ రోజుల్లో అతని రికార్డు చూసిన ఎవరైనా మీ సీనియర్ అన్నమాటే అని ఉండేవారు. 1977లో ప్రొఫెషనల్ అయ్యాడు, మొదటి 17 ఫైట్లూ నాకౌట్ చేశాడు. 1980లో పిపినో క్యూవాస్‌ని రెండో రౌండ్లో పడగొట్టి వెల్టర్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1984లో రాబర్టో డురాన్‌నీ రెండో రౌండ్లోనే, ఒకే ఒక్క కుడిచేత్తో ముఖం మీద బోర్లా పడేశాడు. మధ్యలో జరిగిందేమిటంటే, డెట్రాయిట్ క్రాంక్ జిమ్‌లో కోచ్ ఇమాన్యుయెల్ స్టీవర్డ్ అతన్ని పాయింట్ల ఆట నుంచి మళ్ళించి, పాదాలు నేలకి ఆన్చి, కుడిచెయ్యి వెనక శరీరాన్ని తెచ్చేలా మార్చాడు. "వయసు కూడా వచ్చింది కదా, కుర్రాడు మగాడయ్యాడు" అని ఎవరైనా అంటే అదీ నిజమే. ఆ పొడవాటి చేతులు పుట్టుకతో వచ్చినవే, కాదనను. కానీ ఆ పుట్టుక 155 ఫైట్ల పాటు ఎవరి కంటికీ కనబడలేదు. నీకు పవర్ లేదని ఏడాదికే తేల్చేసినవాళ్ళు ఈ ముక్క ఆలోచించాలి.

అంకెలు కూడా ఒకటి రెండు చెప్పుకుందాం. 2000 సంవత్సరంలో ఇంగ్లండ్‌లో గోడకి బిగించిన కొలత యంత్రం మీద బాక్సర్ల చేత కొట్టించారు. వెనక చేతి స్ట్రెయిట్ పంచ్ అగ్రశ్రేణి వాళ్ళది సగటున 4800 న్యూటన్లు, మధ్యస్థాయి వాళ్ళది 3722, కొత్తవాళ్ళది 2381. కిలోల్లో చెప్పాలంటే దాదాపు 490, 380, 243 కిలోల బరువు ఒక్క క్షణం మోపినట్టు. పైవాడికీ కిందివాడికీ రెట్టింపు తేడా. దీన్ని చూపించి "చూశావా, అంతా శిక్షణే" అనేవాళ్ళున్నారు. అది సరైన వాదన కాదు. గట్టిగా కొట్టేవాడే గెలుస్తూ పైకి వస్తాడు, కొట్టలేనివాడు మధ్యలో మానేస్తాడు. అందుకే పైన ఉన్నవాళ్ళలో పుట్టుబలం ఉన్నవాళ్ళు ఎలాగూ ఎక్కువే ఉంటారు.

అంతకంటే నాకు నచ్చింది 1985లో సోవియట్ పరిశోధకులు చేసిన లెక్క. స్ట్రెయిట్ పంచ్‌లో ఏ భాగం ఎంత పని చేస్తోందో విడదీసి చూశారు. మాస్టర్ స్థాయి బాక్సర్లలో కాళ్ళ వాటా సుమారు 38 శాతం, నడుము, మొండెం తిరగడం 37, చెయ్యి 24. కింది స్థాయి కుర్రాళ్ళలో చెయ్యి వాటా 38కి ఎగబాకి, కాళ్ళ వాటా 16 దగ్గరే ఆగిపోయింది. పుట్టుకతో ఎవరి కాళ్ళూ 16 శాతం పనిచేయవు. అది కాళ్ళని పంచ్‌లోకి ఎలా తేవాలో తెలియకపోవడం. నీ జబ్బూ ఇదేనని నీ ప్రశ్నలోనే కనిపిస్తోంది. "పది నిమిషాలకే భుజాలు పట్టేస్తున్నాయి" అని రాశావు. కాళ్ళతో కొట్టేవాడికి ముందు తొడలు, పిరుదులు అలుస్తాయి.

మరి ఆ బార్కస్ కుర్రాడి సంగతేంటి? వాడు తాలీమ్ (కుస్తీ నేర్పే చోటు) నుంచి వచ్చాడని నువ్వే రాశావు. పహిల్వాన్ల దగ్గర చిన్నప్పటి నుంచి బైఠక్‌లు, దండ్‌లు తీసిన ఒళ్ళది. మెడ, వీపు, తొడలు ముందే కట్టి ఉన్నాయి, ఎదుటివాణ్ణి కాళ్ళతో నేలని తోసి కదిలించడం అలవాటై ఉంది. నువ్వు అక్కడ చూస్తున్నది జిమ్ బయట జరిగిన పదేళ్ళ శిక్షణ. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్ళలోనూ ఇదే చూస్తుంటాను. చిర్రగోనె ఆడినవాడు, రాళ్ళతో మామిడికాయలు కొట్టినవాడు, గొడ్డలితో కట్టెలు చీల్చినవాడు వచ్చిన మొదటి రోజే కుడిచెయ్యి బాగా వేస్తాడు. ఎందుకంటే విసరడంలో, నరకడంలో, పంచ్‌లో శరీరం తిరిగే వరస ఒక్కటే: కాలు, నడుము, భుజం, ఆఖర్న చెయ్యి. అపార్ట్‌మెంట్‌లో పెరిగి, ఇంటర్ అయ్యేదాకా కోచింగ్ సెంటర్ బెంచీ మీద కూర్చున్నవాడికి ఆ వరస ఒంటికి పట్టి ఉండదు. దాన్ని మనం "నేచురల్ కాదు" అనేసి వదిలేస్తున్నాం.

ఇంకో మాట. ఆ కుర్రాడు బ్యాగ్‌ని ఊపేస్తున్నాడన్నావు. బ్యాగ్ ఊగితే అది గొప్ప పంచ్ అనుకోకు. ఈసారి దగ్గర నిలబడి చూడు. నెట్టేవాడి పంచ్‌కి బ్యాగ్ మొత్తం దూరంగా వెళ్ళి, మళ్ళీ ఊగుతూ వెనక్కి వస్తుంది, వాడు చేత్తో ఆపుకోవాల్సి వస్తుంది. నిజంగా బరువున్న పంచ్ పడితే తగిలిన చోట బ్యాగ్ లోపలికి మడత పడుతుంది, పైన గొలుసు ఒక్కసారి ఎగిరి ఖణేల్‌మంటుంది, బ్యాగ్ మాత్రం ఉన్నచోటే వణుకుతుంది. వాడి చెయ్యి అప్పటికే గడ్డం దగ్గరికి వచ్చేసి ఉంటుంది. కోచ్ చేతులకి తొడుక్కుని పట్టే ప్యాడ్స్ మీద వచ్చే చప్పుడు కూడా నమ్మకు. మాదాపూర్, కొండాపూర్ వైపు కొత్తగా వచ్చిన ఫిట్‌నెస్ బాక్సింగ్ క్లాసుల్లో ప్యాడ్ పట్టేవాడే ఎదురొచ్చి చరుస్తాడు. చప్పుడు వాడిది, సంతోషం కొట్టినవాడిది.

నిన్ను నువ్వు పరీక్షించుకోవడానికి ఒక పద్ధతి చెప్తాను. బ్యాగ్ ముందు స్టూల్ వేసుకుని కూర్చో, పాదాలు నేల నుంచి కాస్త ఎత్తి ఉంచు. నీ కుడిచేత్తో పది క్రాస్‌లు, అంటే వెనక చేతి సూటి పంచ్‌లు కొట్టు. తర్వాత లేచి స్టాన్స్‌లో, అంటే బాక్సర్ నిలబడే భంగిమలో నిలబడి మరో పది కొట్టు. పక్కన స్నేహితుణ్ణి కళ్ళు మూసుకుని వినమను. ఏవి కూర్చుని కొట్టినవో, ఏవి నిలబడి కొట్టినవో వాడు చెప్పలేకపోతే నీ కాళ్ళు ఇంకా పంచ్‌లో చేరలేదన్నమాట. ఎల్బీ స్టేడియం వైపు పొద్దున్నే వచ్చే కుర్రాళ్ళ చేత ఇది చేయించాను. ఏళ్ళ తరబడి ఆడుతున్నవాళ్ళలో కూడా తేడా వినబడనివాళ్ళు ఉన్నారు. పవర్ లేదని వాళ్ళకి ఎవరెవరో ఎప్పుడో చెప్పేసి ఉంటారు.

తప్పు సాధారణంగా ఎక్కడ జరుగుతుందంటే, కుడి మడమ తిరగడంలో. తిప్పమని అందరికీ చెప్తారు, అందరూ తిప్పుతారు. కానీ చెయ్యి తగిలాక తిప్పుతారు. అలంకారానికి తిప్పినట్టే. పాదం ముందు భాగంతో నేలని నొక్కడం ముందు జరగాలి, ఆ తోపుడుకి తుంటి ముందుకి రావాలి, తుంటి లాగితే భుజం రావాలి, అప్పుడు చెయ్యి బయల్దేరాలి. చెయ్యి ముందే బయల్దేరిపోతే వెనకనుంచి వచ్చే బరువు అందుకోలేదు. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి పక్కనుంచి వీడియో తీసుకో. నీ బెల్టు బకిల్ దగ్గర కన్ను పెట్టి చూడు. గ్లౌజు కదలక ముందు బకిల్ కదులుతోందా? కదలకపోతే పని అక్కడే ఉంది.

దీన్ని బ్యాగ్ మీద బాది బాది నేర్చుకోలేవు. గట్టిగా కొట్టాలన్న కోరిక పుట్టగానే భుజం ముందు బిగుస్తుంది, వరస చెడిపోతుంది. అద్దం ముందు షాడోలో (ఎదురుగా ఎవరూ లేకుండా గాల్లో కొట్టే సాధన) నెమ్మదిగా, ఊరికే తుంటి తిప్పి చెయ్యి దానంతట అదే రానివ్వాలి. తర్వాత మూడు కిలోల మెడిసిన్ బాల్ తీసుకుని, అదే స్టాన్స్‌లో నిలబడి, కుడిచేత్తో పంచ్ లాగానే గోడకి విసురు. బంతి బరువుకి చెయ్యి ఒంటరిగా పని చేయలేదు కాబట్టి శరీరం తనంతట తానే కాలిని పిలుస్తుంది. సెట్‌కి ఐదారు కంటే ఎక్కువ వద్దు. మధ్యలో బాగా ఊపిరి తీసుకో. అలసిపోయి విసిరే పదిహేనో బంతి నీకు నెమ్మదితనాన్నే నేర్పుతుంది. వారంలో రెండు మూడు రోజులు, స్కిప్పింగ్ అయిపోయిన వెంటనే, ఒంట్లో సత్తా ఉన్నప్పుడే చేయాలి. మన జిమ్‌లలో ఇలాంటివన్నీ ఆఖర్న, చెమటలు కారిపోయాక చేయిస్తారు. అలా చేస్తే దమ్ము పెరుగుతుంది, పవర్ పెరగదు.

బిగుతు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేర్పులో అసలు కిటుకు ఇక్కడే ఉంది. 2010లో కెనడా పరిశోధకులు మేటి ఫైటర్ల కండరాలకి తీగలు అమర్చి చూశారు. దెబ్బ బయల్దేరేటప్పుడు కండరాలు ఒకసారి బిగుసుకుంటాయి, దారిలో వదులవుతాయి, తగిలే క్షణంలో మళ్ళీ బిగుసుకుంటాయి. దారిలో వదులైతేనే వేగం వస్తుంది. తగిలేటప్పుడు బిగిస్తేనే పిడికిలి, మణికట్టు, మోచెయ్యి, భుజం, నడుము ఒకే ముక్కగా మారి వెనకున్న బరువు దెబ్బలోకి వస్తుంది. దానికి దొరికే సమయం ఎంతో తెలుసా? 1985లో హెవీవెయిట్ ఫ్రాంక్ బ్రూనో పంచ్‌ని కొలిచినప్పుడు, తగిలిన తర్వాత 14 మిల్లీసెకన్లలోనే బలం గరిష్ఠానికి చేరింది. రెప్పపాటు కంటే చాలా తక్కువ. తగిలింది అని తెలిశాక బిగిద్దామంటే కుదరదు. దూరం కంటికి అలవాటై, ముందే అంచనా వేసి బిగించాలి. అందుకే దూరం తప్పితే ఎంత బలవంతుడి పంచ్ అయినా తేలిపోతుంది. నీలా పొడుగు చేతులున్నవాళ్ళు దగ్గరికి వెళ్ళి, మోచెయ్యి ఇంకా మడిచి ఉండగానే తగిలించేస్తారు. తగిలేసరికి చెయ్యి దాదాపు చాచి ఉండాలి. అరడుగు వెనక్కి జరుగు, చాలామందికి అంతకుమించిన మందు అక్కర్లేదు. ఊపిరి కూడా కలుపు. తగిలేటప్పుడు పళ్ళమధ్య నుంచి "ష్" అని వదిలితే పొట్ట తనంతట తాను బిగుస్తుంది.

బ్యాగ్ మీద బరువు వేరు, మనిషిని పడగొట్టడం వేరు. తల ఒక్కసారిగా తిరిగితే మెదడు ఆ కుదుపుకి ఆగలేక స్పృహ తప్పుతుంది. ఎదుటివాడు దెబ్బ వస్తోందని చూస్తే మెడ బిగిస్తాడు, గడ్డం దించుతాడు, సగం దెబ్బ అక్కడే పోతుంది. చూడని పంచ్ మామూలుదైనా పడేస్తుంది. వాడు ముందుకి అడుగు వేస్తుండగా తగిలితే వాడి బరువూ నీ లెక్కలోకి వస్తుంది. 1994 నవంబరులో జార్జ్ ఫోర్‌మన్ 45 ఏళ్ళ వయసులో 26 ఏళ్ళ మైకేల్ మూరర్‌ని పదో రౌండ్లో పడగొట్టి హెవీవెయిట్ టైటిల్ తిరిగి తెచ్చుకున్నాడు. అప్పటికి పాయింట్లలో చాలా వెనకబడి ఉన్నాడు. ఫోర్‌మన్ చేతుల్లో పుట్టుబలం ఉండేది, దాన్ని ఎవరూ కాదనలేరు. ఆ వయసులో వేగం మాత్రం పోయింది. ఆ రాత్రి తొమ్మిది రౌండ్లు జాబ్ వేస్తూ, మూరర్‌ని తన ముందు నిలబడేలా అలవాటు చేసి, ఆఖరికి దగ్గర నుంచి కుడిచెయ్యి సూటిగా గడ్డం మీద పెట్టాడు. నెమ్మదిగా వచ్చిన చెయ్యే. మూరర్ దానికి సిద్ధంగా లేడు, అంతే. నీ జాబ్ బాగుందంటున్నారు కదా, దాన్ని తక్కువగా చూడకు. ఎదుటివాడి కంటిని జాబ్‌కి అలవాటు చేసి, అదే దారిలో క్రాస్ పంపడమే పొడుగువాడి నాకౌట్.

మన కోచ్‌లు, సీనియర్లు ఇలా ఎందుకు మాట్లాడతారో కూడా తెలుసుకో, వాళ్ళ మీద కోపం పెట్టుకోకు. 1988 సియోల్ ఒలింపిక్ ఫైనల్లో గెలవాల్సిన అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్‌ని న్యాయనిర్ణేతలు ఓడించిన అన్యాయం తర్వాత అమెచ్యూర్ బాక్సింగ్‌లో కంప్యూటర్ స్కోరింగ్ తెచ్చారు. 1992 బార్సిలోనా నుంచి ఒలింపిక్స్‌లో అదే నడిచింది. న్యాయనిర్ణేతలు బటన్ నొక్కాలి, తగిలితే ఒక పాయింట్. గట్టిగా తగిలినా మెల్లగా తగిలినా అదే ఒక్కటి. రెండు దశాబ్దాల పాటు ఆ పద్ధతిలో ఆడినవాళ్ళే ఇప్పుడు మన దగ్గర నేర్పిస్తున్నారు. "తగిలించి బయటికి రా" అన్నది వాళ్ళ ఒంట్లో ఇంకిపోయింది. 2013లో పది పాయింట్ల పద్ధతి వచ్చింది, రౌండ్ మొత్తం ఎవరి దెబ్బలు మేలైనవో చూసి ఇస్తున్నారు. ఆట మారిపోయింది, నేర్పే తీరు చాలాచోట్ల మారలేదు.

తెలంగాణలోనే చూడు. నిజామాబాద్ అనే ఒక్క ఊరి నుంచి 2022, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్, 2023 ప్రపంచ పోటీల్లో కంచు తెచ్చిన హుసాముద్దీన్ ఇద్దరూ వచ్చారు. ఆ ఊళ్ళో పుట్టేవాళ్ళ చేతుల్లో ప్రత్యేకంగా ఏమీ లేదు. మంచి గురువు, చిన్నవయసులో మొదలుపెట్టడం, పక్కనే గట్టిగా ఆడే తోటివాళ్ళు, ఇవి ఉన్నాయి. హైదరాబాద్‌లో ఇంత జనం ఉండి, ఇన్ని జిమ్‌లు ఉండి, కుర్రాళ్ళకి ఏడాదిలోనే "నీకు లేదు" అని చెప్పేస్తుంటే నాకు కడుపు మండుతుంది.

వెయిట్స్ గురించి అడిగావు. చేతులకి బైసెప్స్ కొట్టుకుంటూ కూర్చోకు. బ్రెజిల్ జాతీయ జట్టు బాక్సర్ల మీద చేసిన అధ్యయనంలో బరువుతో ఎగిరే జంప్ స్క్వాట్ శక్తికీ పంచ్ బలానికీ గట్టి సంబంధం కనబడింది. ఛాతీ, చేతుల తోపుడు శక్తికి కూడా. నీకు స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, పుల్ అప్స్, దాంతోపాటు బాక్స్ జంప్‌లు సరిపోతాయి. బరువు నెమ్మదిగా ఎత్తడం మాత్రమే నేర్చుకుంటే బలం వస్తుంది గానీ అది పంచ్ అంత కొద్ది సమయంలో బయటికి రాదు, అందుకే జంప్‌లు, విసరడాలు పక్కనే ఉండాలి. నీ ఎత్తుకి 62 కిలోలు తక్కువ. తిండి పెంచు. పోటీకి ముందు అన్నం మానేసి, ఎండలో ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరుగెత్తి బరువు తగ్గించుకునే పద్ధతి మన దగ్గర ఉంది, దాని జోలికి పోవద్దు. ఎండిపోయిన ఒంటికి ముందు పోయేది కాళ్ళలో సత్తానే, ప్రాణానికే ముప్పు కూడా.

చేతులు జాగ్రత్త. పంచ్ బరువెక్కే కొద్దీ నీ చెయ్యి కూడా అంతే దెబ్బ తింటుంది. బ్యాండేజ్ నాలుగున్నర మీటర్లది వాడు, మణికట్టుకి, పిడికిలి మెటికలకి సరిగ్గా చుట్టుకో. చూపుడు వేలు, మధ్య వేలు మెటికలతో తగలాలి. చిటికెన వేలు వైపు తగిలితే ఆ ఎముక విరిగే ప్రమాదం ఉంది. పాలీ మలినాజి అని అమెరికా బాక్సర్ ఉన్నాడు, 36 విజయాల్లో నాకౌట్లు 7 మాత్రమే, చేతులు పదేపదే విరిగి కెరీర్ అంతా ఇబ్బంది పడ్డాడు. అయినా రెండు వెయిట్ క్లాస్‌లలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఒకవేళ నీ హద్దు నిజంగానే తక్కువని నాలుగైదేళ్ళ తర్వాత తేలినా, దారి మూసుకుపోదని చెప్పడానికే ఈ పేరు చెప్పాను.

ఇది మాత్రం కచ్చితంగా పాటించు: కొత్త పవర్‌ని స్పారింగ్‌లో (తోటివాడితో ఆడే సాధన పోరులో) పరీక్షించకు. మన జిమ్‌లలో శనివారం స్పారింగ్ అంటే కొట్లాటే, హెడ్ గార్డ్ ఉంది కదా అని పూర్తి బలంతో బాదుకుంటారు. హెడ్ గార్డ్ చర్మం చీలకుండా కాపాడుతుంది, తల తిరగడాన్ని ఆపలేదు. తోటివాడి మెదడు మీద నీ సాధన చేయకూడదు, నీ మెదడు మీద ఇంకొకడిని చేయనివ్వకూడదు. దూరం, టైమింగ్ మెల్లటి స్పారింగ్‌లోనే బాగా పట్టుబడతాయి. గట్టిదనం కోసం బ్యాగ్ ఉంది. స్పారింగ్‌లో తల దిమ్మెక్కితే ఆ రోజుకి గ్లౌజులు విప్పేసి డాక్టర్‌కి చూపించుకో, సీనియర్ ఏమన్నా సరే.

మూడు నెలలు ఇలా చేశాక ఆ స్టూల్ పరీక్ష మళ్ళీ పెట్టుకో. ఈసారి కూర్చున్న పంచ్‌కీ నిలబడ్డ పంచ్‌కీ తేడా నీ స్నేహితుడికి మొదటి దెబ్బకే వినబడాలి. అప్పుడు కూడా వినబడకపోతే పక్కనుంచి తీసిన వీడియో, ఎదురుగా నిలబడి తీసిన వీడియో రెండూ పంపు. పాదాల దగ్గర్నుంచి తల దాకా కనబడేలా తీయి, చొక్కా లోపలికి దోపుకుని బెల్టు కనబడేలా.